పాసైందన్న మాట

ఆదివారం మధ్యాహ్నానికల్లా డార్లా వంటింటి బల్ల నిండా కేకులు చేరాయి. నిమ్మ వేసింది ఒకటి, చాక్లెట్‌ది ఒకటి, పైన కొబ్బరి చల్లింది ఇంకొకటి. చర్చి నుంచి వచ్చి కోట్లు విప్పుకునే లోపే ఎవరో ఒకరు వెనక తలుపు తట్టడం, పళ్ళెం చేతిలో పెట్టడం, "ఏం లేదు, ఇంట్లో ఉంటే తెచ్చాను" అని మంచులో గబగబా వెళ్ళిపోవడం. అభినందనలని ఒక్కరూ అనలేదు. ఆ ఊళ్ళో అలాంటి మాటలు ఎవరి నోటికీ రావు. కేకు ఇస్తారు, అంతే.

అందులో ఒక్క ముక్క కూడా తనకి దక్కవలసింది కాదని ఆ ఇంట్లో డార్లాకి ఒక్కదానికే తెలుసు.

"ఏది కొయ్యను?" అన్నాడు కర్టిస్, చాకు చేత్తో పట్టుకుని.

"నీ ఇష్టం."

"పరీక్ష పాసైంది నువ్వు. నా ఇష్టమేంటి?"

అతను ఈల వేస్తున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ కర్టిస్ ఈల వేసిన సందర్భాలు డార్లా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలదు. ఆ ఈల వింటుంటే ఆమెకి బల్ల కింద దూరి కూర్చోవాలనిపించింది.

పొద్దున ఆరాధనలో పాస్టర్ జూడిత్ ఎప్పటిలాగే, సంతోషాలున్నవాళ్ళూ కష్టాలున్నవాళ్ళూ లేచి చెప్పండి, కలిసి ప్రార్థిద్దాం అంది. ఎవరు లేస్తారో అందరికీ తెలిసిందే. ఎల్లా ఐవర్సన్ లేచి వాళ్ళక్క కంటి ఆపరేషన్ ఎంతవరకూ వచ్చిందో చెబుతుంది. ఆవిడ కూర్చుంటే ఇంకెవరూ లేవరు. ఆ రోజు కర్టిస్ లేచాడు.

తండ్రి పోయిన వారం లేవని మనిషి అతను. ఆవులన్నీ అమ్మేసి, పాడి ఎత్తేసి, బీట్ దుంపల చక్కెర ఫ్యాక్టరీలో కూలికి చేరిన వారం కూడా లేవలేదు. అలాంటివాడు ముందు బెంచీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. "మా డార్లా కాలేజీలో పెద్ద పరీక్ష పాసైంది. గుండె గురించి. వృద్ధాశ్రమంలో డ్యూటీ చేసుకుంటూనే చదివింది. నాకు గర్వంగా ఉంది," అని దబ్బున కూర్చున్నాడు.

గర్వం అన్న మాట ఆ చర్చిలో పాపాల గురించి చెప్పేటప్పుడు తప్ప వినబడదు. అందరూ పాస్టరు వైపు చూశారు. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. క్రిస్మస్ నాటకంలో పిల్లలు పాడినా చప్పట్లు కొట్టని జనం.

డార్లా తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

నిజం చెప్పాలంటే ఆమె అబద్ధమాడలేదు. ఆడి ఉంటే కొంత నయం, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. గురువారం మార్కులు తెలిశాయి. ఇంటికొచ్చి బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే కర్టిస్ వచ్చి, "పాసయ్యావా?" అని అడిగాడు. ఆమె మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయం. కానీ ఆ ఊరి లెక్క వేరు. ఫెయిలైనవాడు తన మీద తనే ఓ జోకు వేసుకుని వెంటనే చెప్పేస్తాడు. పాసైనవాడే గొప్పలు పోతున్నట్టు ఉంటుందని తల వంచుకుని పని చేసుకుంటాడు. కర్టిస్ కాసేపు చూశాడు. ఆమె భుజం మీద ఒక్కసారి తట్టి, "నాకు తెలుసు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మౌనం అర్ధాంగీకారమంటారు. కర్టిస్ దాన్ని పూర్తి అంగీకారం కింద జమ కట్టుకున్నాడు.

అప్పుడే వెనక్కి పిలిచి కాదని ఉంటే సరిపోయేది. రేపు చెబుదామనుకుంది. మర్నాడు ఇంకో రోజు చూద్దామనుకుంది. ఈలోగా ఆదివారం వచ్చింది. ఇప్పుడు ఫెయిలయ్యానని చెబితే చాలదు. నువ్వు దేవుడి ముందూ ఊరి ముందూ నిలబడి లేనిది చెప్పావని కూడా చెప్పాలి. ఆ రెండో మాట ఆమె గొంతు దాటడం లేదు.

కర్టిస్ తల్లి ఆర్డిస్ రోడ్డవతల చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం భోజనం మాత్రం ఇక్కడ. ఎనభై దగ్గర పడుతున్నా తన గుమ్మం ముందు మంచు తనే పారతో తీసుకుంటుంది. ఎవరైనా సాయం వస్తారని అనుమానం వస్తే పార దాచేస్తుంది. ఆ రోజు ఆవిడ భోజనం ముగించి, కొడుకు కొట్టంలో పనుందని బయటికి వెళ్ళేదాకా ఆగింది.

"ఎంతొచ్చాయి?" అంది.

డార్లా గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు. "ఏంటమ్మా?" కాపురానికి వచ్చిన కొత్తలో ఆర్డిస్ చెప్పినప్పటి నుంచీ ఆమె అత్తగారిని అమ్మా అనే పిలుస్తుంది.

"మీ వెనక వరసలోనే కూర్చున్నాను. వాడు లేవగానే నీ మెడ కందిపోయింది. సంతోషానికి మొహం ఎర్రబడుతుంది. మెడ ఎర్రబడేది వేరే దానికి."

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. డార్లా దాన్ని కట్టేసింది.

"ముప్పై ఎనిమిది."

"వందకా?"

"వందకే."

ఆర్డిస్ నిమ్మ కేకు దగ్గరికి లాక్కుని పెద్ద ముక్క కోసుకుంది. అంచు నుంచి కొంచెం తిని చూసింది. "ఎల్లా చేసిందిది. చక్కెర వేయడానికి దానికి చెయ్యి రాదు. పోనీలే, నీ మార్కులకి ఇది చాలు."

డార్లాకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. తుడుచుకునే గుడ్డతోనే కళ్ళొత్తుకుంది. ఆర్డిస్ లేచి వచ్చి ఓదార్చే రకం కాదు. తింటూనే ప్రశ్నలు వేసింది. ఆ క్లాసు వదిలేయడానికి గడువుందా? ఈ గురువారం సాయంత్రం దాకా ఉంది. వదిలేస్తే ఏమవుతుంది? ఫెయిలైందని రాయరు, వదులుకుందని మాత్రం రాస్తారు. కానీ ఈ క్లాసు మళ్ళీ వచ్చే ఏడాదిదాకా లేదు, కాబట్టి సెప్టెంబరులో నర్సింగ్‌లో ఇస్తామన్న సీటు పోతుంది. వదలకపోతే? చివరికి ఫెయిలైతే నర్సింగ్ వాళ్ళు ఇంకెప్పుడూ తన పేరు వైపు చూడరు.

"అంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి," అంది ఆర్డిస్. "నుయ్యి నయం. వదిలెయ్."

"కర్టిస్‌కి ఏం చెప్పను?"

"వాడికేం చెప్పకు. నా తుంటి ఉందిగా."

"తుంటికేమైంది?"

"ఇప్పటిదాకా ఏం కాలేదు. అవుతుంది. నా వయసులో ఏదైనా అవుతుంది, ఎవరూ ఆరా తియ్యరు. అత్త మంచాన పడితే కోడలు చదువు మానుకుని చూసుకుందంటారు. నీకు మంచి పేరు, వాడికి పరువు. నాకు నాలుగు రోజులు వంట తప్పుతుంది."

ఆవిడ దాన్ని సాయంగానే చెప్పింది. డార్లా ఏమనుకుంటుందోనని కళ్ళెత్తి కూడా చూడలేదు. తన కాళ్ళ మీద తను నడవడం తప్ప వేరే గొప్పతనమేదీ ఒప్పుకోని మనిషి, ఆ కాలే కోడలి కోసం అప్పుగా ఇస్తానంటోంది.

డార్లాకి కోపం రాలేదు. ఒళ్ళు తేలికైంది. ఆ తేలికదనం చూసుకునే ఆమెకి అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది. ఇంత దూరం వచ్చిందా నా బతుకు, ముసలావిడ తుంటి చాటున దాక్కునేదాకా, అనుకుంది.

సరేననలేదు. వద్దనీ అనలేదు. ఈలోగా కర్టిస్ బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. ఆర్డిస్ అప్పటికే కేకు గురించి మాట్లాడుతోంది.

మంగళవారం క్లాసయ్యాక, తోటి పిల్లలందరూ వెళ్ళిపోయేదాకా డార్లా సంచీ సర్దుకుంటూ కూర్చుంది. పిల్లలంటే పిల్లలే, ఆమె వయసులో సగం ఉంటారు. పక్క సీటు మకేనా వెళుతూ వెళుతూ ఆగి, ఎందుకంత దిగులుగా ఉన్నావని అడిగింది. వదిలేద్దామా అని చూస్తున్నానని డార్లా చెబితే ఆ పిల్ల తేలిగ్గా నవ్వేసింది. "నేను లెక్కలు రెండుసార్లు వదిలేశాను. ఇదేమన్నా పెళ్ళా?" అని భుజాన సంచీ వేసుకుని పోయింది. డార్లాకి ఆ పిల్ల మీద అసూయ కలిగింది. వాళ్ళ ఊళ్ళో పెళ్ళి వదిలేసినవాళ్ళని కూడా ఓ ఏడాదికి మర్చిపోతారు. చర్చిలో చెప్పిన మాట మాత్రం మర్చిపోరు.

ఆ శరీరశాస్త్రం క్లాసు తనకెందుకంత కష్టమైందో ఆమె ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. పుస్తకం కష్టమే, కాదని కాదు. గుండెలో నాలుగు గదులు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఏ నాళంలో మంచి రక్తం వెళుతుందో ఎన్నిసార్లు చదివినా తెల్లారేసరికి తలకిందులయ్యేది. అడిగితే తేలిపోయేది. అడగలేకపోయింది. ఎందుకంటే పాఠం చెప్పే సోల్వే వాళ్ళ ఊరి పిల్లే. డార్లా హైస్కూల్లో ఉండగా వేసవి సెలవుల్లో ఆ పిల్లని చూసుకునేది. ముక్కు తుడిచింది, రొట్టెకి వెన్న రాసిచ్చింది, చెప్పులు కుడీ ఎడమా తారుమారుగా తొడుక్కుంటే సరి చేసింది. అలాంటి పిల్ల ముందు చెయ్యెత్తి, నాకర్థం కాలేదు మళ్ళీ చెప్పు అనడానికి డార్లాకి మనసొప్పలేదు. వెనక బెంచీలో కూర్చుని, అర్థమైనట్టు తలూపుతూ నెలలు గడిపేసింది.

సోల్వే గదిలో ఇద్దరికీ మధ్య ప్లాస్టిక్ గుండె బొమ్మ ఒకటుంది. పైమూత ఊడి పక్కన పడుంది.

"నేనే పిలుద్దామనుకున్నాను," అంది సోల్వే. "మొదటి పరీక్ష అప్పటి నుంచీ అనుకుంటున్నా. పిలవలేకపోయాను."

"ఎందుకని?"

"నీకు ఫెయిలయ్యావని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు, డార్లా. ఇంకెవరైనా అయితే ఆ రోజే కూర్చోబెట్టి చెప్పేదాన్ని. నువ్వు తలూపుతుంటే పోనీలే, అర్థమవుతోందేమోలే అని నన్ను నేనే మభ్యపెట్టుకున్నా."

డార్లా ఏమంటుంది? నీ తప్పేం లేదంది. నాదేనంది. సోల్వే ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేక ఆ గుండె బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. దాని తలుపులు ఎటు తెరుచుకుంటాయో డార్లాకి ఆ క్షణాన కూడా తెలియదు, అడగనూ లేదు.

కాసేపటికి సోల్వే టీచరు గొంతు తెచ్చుకుంది. ఇప్పటిలాగే ఉంటే ఫెయిలవడం ఖాయమంది. రోజూ క్లాసయ్యాక తన దగ్గర కూర్చుని, తెలియనిదల్లా సిగ్గుపడకుండా అడిగితే గట్టెక్కొచ్చు, ఎక్కకపోవచ్చు, మాటివ్వలేనంది. వదిలేస్తే అందులో నామోషీ ఏమీ లేదంది.

"నువ్వయితే ఏం చేస్తావు?"

సోల్వే ఊడిన పైమూత తీసి గుండె బొమ్మకి పెట్టింది. "వదిలేస్తాను. కానీ నేను పిరికిదాన్ని. నన్నడక్కు."

కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ ముందు డార్లా కోటు విప్పకుండానే కూర్చుంది. ఒక్క మీట నొక్కితే చాలు, క్లాసు పోతుంది. ఇంత పెద్ద సంగతికి అంత చిన్న మీట ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. నొక్కిన మరుక్షణం ఇంటికెళ్ళి ఏదో ఒకటి చెప్పాలి. చెప్పడానికి ఆర్డిస్ తుంటి సిద్ధంగా ఉంది. వేలు మీట మీదికి వెళ్ళినప్పుడల్లా, పార దాచుకునే ముసలావిడ మంచం మీద పడుకుని మూలుగుతున్నట్టు నటించడం కళ్ళకు కట్టింది. లేచి వచ్చేసింది. రేపు చూద్దామనుకుంది. ఆమెకి అలవాటైన మాటే అది.

రేపు రానే వచ్చింది. ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో బుధవారం బుధవారం చర్చి కింద హాల్లో సూపు భోజనం ఉంటుంది, అది అయ్యాక పైన ఆరాధన. ఆ వారం వంటా వడ్డనా మగవాళ్ళ వంతు. మెట్లు దిగుతుండగానే మాడిన బఠాణీ వాసన వచ్చింది. కర్టిస్ తెల్ల ఏప్రన్ కట్టుకుని పెద్ద గరిటెతో సూపు పోస్తున్నాడు. డార్లా గిన్నె పట్టుకుని ముందుకు వస్తే ఆమెకి పంది మాంసం ముక్కలు ఎక్కువ పడేలా పోశాడు. ఏదో చెప్పబోయి, వెనక వరస చూసి మానేశాడు.

బల్లల దగ్గర ఆడవాళ్ళందరూ ఒకచోట మూగి ఉన్నారు. మధ్యలో ఆర్డిస్ కూర్చుంది. మోకాళ్ళ మధ్య చేతికర్ర. చనిపోయిన భర్తది, అటక మీద నుంచి దింపినట్టుంది.

డార్లా సూపు గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"పాపం," అంది ఎల్లా ఐవర్సన్, డార్లా చెయ్యి పట్టుకుని. "ఇప్పుడే చెబుతోంది మీ అత్తగారు. సోమవారం నుంచీ అడుగు తియ్యలేకపోతోందటగా. నీకెంత అన్యాయం చూడు, అంత బాగా చదువుతూ, మానుకోవాల్సి వస్తోంది."

డార్లా అత్తగారి వైపు చూసింది. ఆర్డిస్ సూపులోకి బిస్కెట్ నలుపుకుంటోంది. గడువు రేపే కదా, నువ్వు తేల్చుకోలేకపోతుంటే నేను తేల్చాను, అన్నట్టుంది ఆవిడ వాలకం.

ఎల్లా ఇంకా చెయ్యి వదల్లేదు. గొంతు తగ్గించి, నేనూ ఒకప్పుడు టీచరు ట్రైనింగ్ అలాగే మానుకున్నానమ్మా, మా అత్త కోసం, అని చెప్పింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. నిజంగా మానుకున్న మనిషి కన్నీళ్ళు తన అబద్ధం మీద పడుతుంటే డార్లా కూర్చోలేకపోయింది. గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

అక్కడ కర్టిస్ ఒక్కడే ఉన్నాడు. అడుగంటిన సూపు గుండిగలో మోచేతిదాకా చెయ్యి పెట్టి రుద్దుతున్నాడు. ఆమె గుడ్డ తీసుకుని కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది.

"నీకు ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నా," అన్నాడు అతను. "ఫోర్‌మన్‌తో మాట్లాడాను ఇవాళ."

"దేని గురించి?"

"పొద్దున అమ్మ తుంటి సంగతి చెప్పింది. సోమవారం నుంచి రాత్రి షిఫ్ట్‌కి మారుతున్నా. పగలు అమ్మ దగ్గర నేనుంటాను. నువ్వు కాలేజీ మానక్కర్లేదు."

పగటి షిఫ్ట్ కోసం అతను ఎన్ని చలికాలాలు ఎదురుచూశాడో ఆమెకి తెలుసు. ఎంతమంది రిటైరైతే వచ్చిందో తెలుసు. అది వచ్చాకే ఇద్దరూ ఒకే బల్ల మీద రాత్రి భోజనం చేయడం మొదలైంది.

"ఒకసారి ఇచ్చేస్తే మళ్ళీ రాదుగా అది."

"రాదు. లార్స్‌కి ఇచ్చేశారప్పుడే. వాడికి చిన్న పిల్లలు, ఎగిరి గంతేశాడు."

"నన్నొక మాట అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావు. ముప్పై పరీక్షలు పెట్టినా నువ్వు పాసవుతావు, డార్లా. నేను నిద్రపోయేది పగలైతేనేం, రాత్రైతేనేం?"

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇన్నాళ్ళూ ఆమె మౌనం ఆమె ఒక్కదాన్నే కొరికింది. ఇప్పుడది అతని నిద్ర తినేసింది, అతని సాయంత్రాలు తినేసింది. ఇంకా ఊరుకుంటే ఇంకేం తింటుందో తెలియదు.

"అమ్మ తుంటికేం కాలేదు," అంది.

అతను గుండిగ రుద్దడం ఆపలేదు. "కర్ర పట్టుకునే వచ్చింది కదా."

"నా కోసం పట్టుకుంది. నేను క్లాసు వదిలేస్తే చెప్పుకోడానికి." గుడ్డ పక్కన పెట్టింది. "కర్టిస్, నేను పాసవలేదు."

అతని చెయ్యి అప్పుడాగింది.

హాల్లో కుర్చీలు మడుస్తున్న చప్పుళ్ళు, ఎవరో గట్టిగా నవ్వడం వినబడ్డాయి. కర్టిస్ గుండిగలోకే చూస్తున్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"గురువారం."

"గురువారం నేనడిగాను."

"అడిగావు."

"ఆదివారం నా పక్కనే కూర్చున్నావు."

"కూర్చున్నాను."

తిడితే బాగుండుననుకుంది. అతనికి తిట్టడం రాదు. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడు. ఇప్పుడు దాదాపు వినబడకుండా అడిగాడు: "అమ్మకి తెలుసా?"

"తెలుసు. ఆదివారమే కనిపెట్టింది."

ఆ జవాబుకి అతని మొహం మారిపోయింది. మార్కులకి మారలేదు, షిఫ్ట్ పోయినందుకు మారలేదు, దీనికి మారింది. తల్లికి తెలుసు, పెళ్ళానికి తెలుసు, మధ్యలో ఈల వేసుకుంటూ కేకు కోసింది తనొక్కడే.

"పైన నేను నిలబడి అబద్ధం చెప్పాను," అన్నాడు.

"అది నీ అబద్ధం కాదు."

"నోరు నాదేగా."

చేతులు తుడుచుకున్నాడు. ఏప్రన్ విప్పి, మడత పెట్టి, కొక్కేనికి తగిలించాడు. అంత కోపంలోనూ మడత పెట్టాడు. పైన ఆరాధనకి వాయిద్యం మొదలైంది. అతను ఆమె కోసం ఆగకుండా మెట్లెక్కాడు.

పైన ఎప్పుడూ కూర్చునే బెంచీలోనే కూర్చున్నాడు, కానీ ఆ చివరికంటా జరిగి. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటుంది. వెనక వరసలో ఆర్డిస్ కర్ర నేలకి ఆనించిన టక్కుమన్న శబ్దం వచ్చింది. కర్టిస్ వెనక్కి తిరగలేదు.

పాట అయింది, వాక్యం అయింది. పాస్టర్ జూడిత్ ముందుకు వచ్చి, మన ఆర్డిస్ తుంటి నెప్పి గురించి ఈ సాయంత్రమే విన్నాం, ఆమె కోసం, ఆమెని చూసుకోబోయే డార్లా కోసం ప్రార్థిద్దాం అంది. "ఇంకెవరికైనా ఏమైనా ఉన్నాయా?"

ఊరుకుంటే అయిపోతుంది. ప్రార్థన అవుతుంది, రేపు మీట నొక్కుతుంది, ఊరంతా ఆమెని మంచి కోడలంటుంది. కర్టిస్ ఎవరికీ చెప్పడు. జీవితాంతం ఆ బెంచీలో కూర్చుని, లేనిది చెప్పినవాణ్ణని తలదించుకుంటాడు, అంతే.

డార్లా లేచి నిలబడింది. ముందు బెంచీ వీపు పట్టుకుంది.

"ఆదివారం కర్టిస్ చెప్పింది నిజం కాదు," అంది. మళ్ళీ మొదలుపెట్టింది. "అతను అబద్ధం చెప్పలేదు. పాసయ్యావా అని నన్నడిగాడు, నేను జవాబు చెప్పలేదు. నేను ఫెయిలయ్యాను. మీరందరూ చప్పట్లు కొడుతుంటే కూడా ఊరుకున్నాను. కేకులు తీసుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది."

ఎవరూ ఆమె వైపు తిరిగి చూడలేదు. ఆ ఊళ్ళో అదే మర్యాద, ఎదుటివాళ్ళు సిగ్గుపడుతుంటే తమ ఒళ్ళోకి తాము చూసుకుంటారు. ఆ వంగిన తలలన్నీ చూస్తుంటే, కళ్ళెత్తి అసహ్యించుకున్నా బాగుండుననిపించింది ఆమెకి. ఎల్లా ఐవర్సన్ మాత్రం చేతి రుమాలు మడతలు విప్పుతూ మళ్ళీ మడుస్తోంది. ఆర్డిస్ తుంటి గురించి డార్లా ఒక్క ముక్క కూడా అనలేదు. అది తను బయటపెట్టవలసిన అబద్ధం కాదు.

పాస్టర్ జూడిత్ మెల్లగా అడిగింది. "అయితే డార్లా, నీ కోసం మమ్మల్ని ఏమని ప్రార్థించమంటావు?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. పాసవ్వాలనా? ఆ మాట ఇంకోసారి ఈ గోడల మధ్య వినబడకూడదు. గౌరవంగా వదిలేయాలనా? అది ఇన్ని రోజులుగా రహస్యంగా కోరుకుంటున్నదే. అందరూ ఎదురుచూస్తున్నారు. నోరు తెరిచేదాకా ఏమంటుందో ఆమెకే తెలియదు.

"పాసవ్వాలని వద్దు," అంది. "ఆ క్లాసులో ఉండాలని అడగండి. రేపు వెళ్ళి సోల్వే ముందు కూర్చుని, నాకు మొదటి పాఠం నుంచీ ఏమీ అర్థం కాలేదని చెప్పడానికి నాకు నోరు రావాలని."

చెప్పేశాక, వదిలేసే దారి మూసుకుపోయిందని ఆమెకి తెలిసింది. భయమేసింది. కూర్చుంది.

తలలన్నీ ప్రార్థనకి వంగాయి. డార్లా కళ్ళు గట్టిగా మూసుకుంది. జూడిత్ ఏమేం అడిగిందో ఆమె చెవికెక్కలేదు. మధ్యలో ఎప్పుడో కాళ్ళకి చల్లటి గాలి తగిలింది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి బెంచీ చివర ఎవరూ లేరు. వెనక తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

బయట ట్రక్కు స్టార్టైన చప్పుడు ఆమెకి వినబడింది. ఏ ట్రక్కో చెప్పక్కర్లేదు, ఆ దగ్గు ఆమెకి తెలుసు. చలికాలమంతా కర్టిస్ ఆఖరి పాటలో ముందుగా లేచి వెళ్ళి ఇంజన్ వేసి ఉంచుతాడు, ఆమె ఎక్కేసరికి సీటు వెచ్చగా ఉండాలని. కానీ ఆఖరి పాట ఇంకా మొదలవ్వలేదు.

ఇంజన్ ఒకేలా మోగుతోంది. గేరు పడి వెళ్ళిపోతుందేమోనని డార్లా చెవులు రిక్కించి వింది. ఈలోగా పాట అందుకున్నారు. అందరూ లేచారు, పక్కనున్నవాళ్ళు ఆమెకి పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నారు. నూరు గొంతులు ఒక్కసారి లేచేసరికి బయట ట్రక్కు ఇంకా ఉందో, వెళ్ళిపోయిందో ఆమెకి తెలియలేదు.